ఏ టిక్కీదో చూసుకుని

రాత్రి రెండూ పది.
మార్చి నెలలో చుట్టుగుంటలో
కిటికీలు మూసినా గదికి దగ్గొస్తుంది.

యార్డు నుంచి ఆటోలో తెచ్చారు సైదాబీని.
మిరపకాయ టిక్కీల మూతులు కుట్టే మనిషి.
ఏడింటికి దవడ లాగిందట.
ఘాటన్నారు. గ్యాసన్నారు.
గోళీసోడా ఒకటి, వాము గుప్పెడు,
తేజ రకం లోడు ఎత్తేదాకా ఓపిక.
ఇసీజీ కాగితం మీద
గీత పడగెత్తి నిలబడింది.

ఫ్రిజ్‌లో ఇన్సులిన్ల వెనక
బొటనవేలంత సీసా ఉంటుంది మాకు,
అడుగున చిటికెడు తెల్లపొడి.
దాని పుట్టుక చెబితే నవ్వుతారు:
గొంతునొప్పి తెచ్చే క్రిమి సొత్తు అది.
ఒళ్లు తన చుట్టూ గడ్డకట్టి కంచె వేస్తే
కరిగించుకుని పారిపోవడానికి
ఆ దొంగ దగ్గరుంచుకున్న రసం.

'లోడ్ చేయండి సిస్టర్' అన్నాడు వినీల్.
కుర్ర డాక్టరు, మొదటి నెల.
వేలిముద్రకి ముందు చెప్పాలి కదా, చెప్పాను:

నీ గుండెకి నెత్తురు మోసే గొట్టంలో గడ్డ పడింది.
గడ్డంటే రాయి కాదమ్మా,
సన్న దారాలు అడ్డదిడ్డంగా అల్లుకున్న గోతం.
ఈ మందు దాన్ని కొయ్యదు.
కోసేవాడు నీ నెత్తుట్లోనే ఉన్నాడు,
ఆ దారాల సందుల్లో దూరి పడుకుని.
ఇది వాణ్ణి తట్టి లేపుతుంది, అంతే.

నొప్పిలోనే కళ్లు తెరిచింది.
పని సంగతి వింటే పనివాళ్లకి వచ్చే చూపు.
'పోగు లాగడమన్నమాట.
మేం కుట్టిన మూతికి ఒక కొస ఉంటది.
తెలిసినోడు పట్టి లాగితే
సర్రుమని మొత్తం ఊడొస్తది. కత్తెందుకు?'

సీసా రేకు మీద నా గోరు ఉంది.
నీళ్లు పోశాక కుదపకూడదు,
గ్లాసు అడుగున మిగిలిన టీని తిప్పినట్టు తిప్పాలి,
నురగొస్తే పాడు.
తర్వాత గంటసేపు సెలైన్లో చుక్కచుక్కగా.

'లేచినోడికి ఏది ఏ టిక్కీయో తెలుస్తదా?'

పదకొండేళ్ల సర్వీసులో ఎవరూ అడగలేదు నన్ను.
తెలియదన్నాను.
ఒళ్లంతా తిరుగుతాడు,
ఎక్కడ కుట్టుంటే అక్కడ విప్పుతాడు.
అందుకేగా కార్డు పట్టుకుని అడిగాం,
ఆపరేషన్లు, కడుపులో పుండు, పక్షవాతం, తలకి దెబ్బ.
అన్నిటికీ తమ్ముడు బాజీ
లేదు లేదు అని తల ఊపాడు.

ఎర్రబారిన వేళ్లతో
ఆమె తలమీది కొంగు తోసింది.
చెవి పైన ఏడు కుట్లు,
చుట్టూ ఇప్పుడిప్పుడే మొలుస్తున్న జుట్టు.
'పోయిన ఆదివారం స్టాకు మీంచి పడ్డా.
ఎంతసేపు తెలివి లేదో నాకే తెలీదు.
మేస్త్రి పని మానిపిస్తాడని
వీడిక్కూడా చెప్పలా.'

వినీల్ పెన్ను ఆగింది.
నేను గోరు తీసేశాను.
గుండె తెరవబోయి తల తెరిచే బేరం.
సీసా మళ్లీ ఇన్సులిన్ల వెనక్కి.

ఇప్పుడు లేపాల్సినవాడు నెత్తుట్లో లేడు,
కొత్తపేటలో, క్యాథ్‌ల్యాబ్ పక్కగదిలో
దుప్పటి ముసుగేసి ఉన్నాడు.
మూడు ఫోన్లకి లేచాడు.
తీగ పంపి తోవ తీస్తారు, తల జోలికి పోకుండా.
మూడు వంతెనల వైపు ఆంబులెన్స్ మళ్లేదాకా
మెట్ల మీద నిలబడి చూశాను.

ఐదింటికి ఇర్మియా వచ్చాడు,
కోల్డ్ స్టోరేజీ వాచ్‌మన్. అదే నొప్పి, అదే పడగ.
కార్డు చదవకముందే
జుట్టు పాయలు తీసి చూద్దామని చెయ్యి వేశాను.
బట్టతల.
నున్నగా, ఒక్క కుట్టు లేకుండా.
నాకు నవ్వొచ్చింది, ఆయనకి కోపమొచ్చింది.
మిగతావన్నీ రెండుసార్లు అడిగి
అదే సీసా రేకు విప్పాను.

బీపీ జారితే కాళ్లు ఎత్తిపెట్టాం.
చిగుళ్ల దగ్గర కొంచెం ఎరుపు.
నలభయ్యో నిమిషాన మానిటర్లో గుండె
తాగినవాడిలా అడుగులు తప్పింది.
భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

సైదాబీ కబురు ఇంకా రాలేదు.
ఉండమ్మా, అన్నాను ఈవిడతో,
తెర మీంచి కళ్లు తీయకుండా,
ఉండు, మూతి ఊడొస్తోంది.